నేలకు పరిహారం ఇస్తారట, మరి ఆకాశానికి?



ఎయిర్‌పోర్టుకు భూసేకరణ అనగానే మన ఊళ్లలో ముందుగా వచ్చే ప్రశ్న ఒకటే: ఎకరానికి ఎంత ఇస్తారు? ఆ ప్రశ్న అడగాల్సిందే. కానీ అది సగం ప్రశ్న. ఎయిర్‌పోర్టు కంచె లోపల ఉన్న నేలనే కాదు, కంచె బయట ఉన్న ఆకాశాన్ని కూడా తీసుకుంటుంది. నేలకు సర్వే నంబరు ఉంది, నోటీసు ఉంది, ఎంతో కొంత పరిహారం ఉంది. ఆకాశానికి అవేవీ లేవు. ఆ ఆకాశం కింద సాగు చేసుకుని బతికేది మనమే.

భోగాపురంలో 2015లో మొదట వినిపించిన మాట 15 వేల ఎకరాలు. రైతులు రోడ్డెక్కాక అది దిగుతూ దిగుతూ మూడు వేల ఎకరాల లోపుకు వచ్చింది. 2019లో ఒకసారి, 2023లో ఇంకోసారి శంకుస్థాపన చేశారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కార్గో ఎయిర్‌పోర్టు ప్రతిపాదన మీద మందస, వజ్రపుకొత్తూరు రైతులు ఆందోళనకు దిగారు. వరంగల్ మామునూరులో పాత స్థలం చాలక మరో 253 ఎకరాలు కావాలన్నారు. కుప్పం, దగదర్తి, తాడేపల్లిగూడెం, ఒంగోలు, తుని, ఆదిలాబాద్, కొత్తగూడెం పేర్లు పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. అన్నిచోట్లా లెక్క ఎకరాల్లోనే జరుగుతోంది. కంచె అవతలి లెక్క మేం ఇక్కడ చెబుతున్నాం.

ముందు చెట్టు సంగతి. రన్‌వే కొస దాటాక విమానం దిగే దారిలో ఏదీ అడ్డు రాకూడదని అంతర్జాతీయ నిబంధన ఉంది. పెద్ద రన్‌వేలకు ఆ గీత దాదాపు కిలోమీటరుకు 20 మీటర్ల చొప్పున మాత్రమే పైకి లేస్తుంది. అంటే రన్‌వే కొసకు కిలోమీటరు దూరంలో మీ తోట ఉంటే, 20 మీటర్లు దాటిన చెట్టు అడ్డం కిందికే వస్తుంది. మన నాటు కొబ్బరి ఎంత ఎత్తు పెరుగుతుందో ఉద్దానం రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పడగొట్టిన తోటల్ని మళ్లీ నాటుకుని, నీళ్లు మోసి బతికించుకున్న ఊళ్లవి. కొట్టేసే అధికారం ఎక్కడిదంటారా? అడ్డొచ్చే భవనాలను, చెట్లను తొలగించడానికి 1994లోనే ప్రత్యేక నిబంధనలు తెచ్చారు. దాని వల్ల నష్టపోయినవాళ్లు పరిహారం అడగొచ్చని కూడా చట్టంలో ఉంది. మేం వెళ్లిన ఏ భూసేకరణ సభలోనూ ఆ ముక్క అధికారుల నోట వినలేదు.

రెండోది డ్రోన్. మందు కొట్టడానికి డ్రోన్ కొనండి, కూలీ ఖర్చు తగ్గుతుందని ప్రభుత్వాలే ప్రచారం చేస్తున్నాయి. నమో డ్రోన్ దీదీ పేరుతో 15 వేల మహిళా సంఘాలకు డ్రోన్లు ఇస్తామని కేంద్రం ప్రకటించింది. మంచిదే. కానీ 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం నడుస్తున్న ఎయిర్‌పోర్టు హద్దు నుంచి 8 కిలోమీటర్ల లోపు స్వేచ్ఛగా ఎగరేసే పచ్చ జోన్ కాదు. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి లేకుండా ఎగరేస్తే నేరం. వరికి దోమ పోటు వచ్చినప్పుడు రెండు రోజులు ఆలస్యమైతే మడి మడి మాడిపోతుంది. ఆ టవర్‌లో మన దరఖాస్తు ఎవరు చూస్తారు, ఎన్ని గంటల్లో చూస్తారు? ఎనిమిది కిలోమీటర్ల వలయంలో ఎన్ని ఊళ్లు పడతాయో మ్యాపు తీసి చూసుకోండి.

మూడోది, అన్నింటికన్నా పెద్దది, చప్పుడు. విమానం మామూలుగా మూడు డిగ్రీల వాలులో దిగుతుంది. అంటే కిలోమీటరుకు దాదాపు 52 మీటర్లు. రన్‌వే కొసకు మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇంటి మీదుగా అది 170 మీటర్ల ఎత్తులో పోతుంది. ఐదు కిలోమీటర్ల దూరంలోనూ 280 మీటర్లకు మించదు.

ఇక చట్టం చూడండి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం జనం నివసించే చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. ఊళ్లో పెళ్లి మైకు పది దాటి మోగితే పోలీసు వచ్చేది ఈ నిబంధనలతోనే. 2018 జూన్‌లో ఎయిర్‌పోర్టులకు వేరే కొలమానం పెట్టారు. ఏటా 50 వేలకు పైగా విమానాలు తిరిగే ఎయిర్‌పోర్టు చుట్టూ పగలు 70, రాత్రి 65. మిగతా వాటికి పగలు 65, రాత్రి 60. డెసిబెల్ లెక్క మామూలు కూడిక కాదు. పది పెరిగితే శబ్ద శక్తి పది రెట్లు. 45కీ 60కీ మధ్య తేడా ముప్పై రెట్లు! ఊరికి ఒక చెవి, ఎయిర్‌పోర్టు పక్క ఊరికి ఇంకో చెవి ఉంటుందా? ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2018లోనే, రాత్రి విమానాల చప్పుడు 40 డెసిబెల్స్ లోపు ఉండాలని గట్టిగా సిఫార్సు చేసింది.

ఇంకా పెద్ద మెలిక ఉంది. ఆ 2018 కొలమానంలోంచి ప్రతిపాదిత ఎయిర్‌పోర్టులను మినహాయించారు. అంటే మన ఊరి పక్కకు రాబోయే దానికి ఆ సడలించిన పరిమితి కూడా లేదు.

పైగా ఇవన్నీ సగటు లెక్కలు. సగటు ఎలా మోసం చేస్తుందో రైతుకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. నలభై రోజులు చినుకు లేక, ఒక్క రాత్రి కుండపోత పడితే మండల సగటు వర్షపాతం సాధారణం అని రాసి కరువు జాబితాలోంచి కొట్టేయడం మనం చూశాం. ఇదీ అంతే. రాత్రి పది విమానాలు దిగి పదిసార్లు నిద్ర లేపినా ఎనిమిది గంటల సగటు తీస్తే కాగితం మీద అంతా బాగానే కనబడుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి పాలు పితకాల్సినవాళ్లకు, పగలంతా ఎండలో కూలికి పోవాల్సినవాళ్లకు సగటు నిద్ర అనేది ఉండదు. కార్గో ఎయిర్‌పోర్టు అయితే మరీ జాగ్రత్త. సరుకు విమానాలు ఎక్కువగా తిరిగేది రాత్రిళ్లే.

పిల్లల మాట కూడా చెప్పాలి. జర్మనీలోని మ్యూనిక్‌లో 1992లో పాత ఎయిర్‌పోర్టు మూసి కొత్తచోట తెరిచారు. అప్పుడు పరిశోధకులు రెండు చోట్లా పిల్లల్ని పరీక్షించారు. చప్పుడు ఆగిన చోట పిల్లల చదువు, జ్ఞాపకశక్తి మెరుగుపడ్డాయి. కొత్తగా చప్పుడు మొదలైన చోట దెబ్బతిన్నాయి. మన జిల్లా పరిషత్ హైస్కూలుకు డబుల్ గ్లాసు కిటికీలు ఎవరు పెడతారు?

ఈ మధ్య మేం ఒక ఎయిర్‌పోర్టు రన్‌వే కొసన ఉన్న ఊరికి వెళ్లాం. చెట్టు కింద కూర్చుని మాట్లాడుతుంటే గంటలో ఐదుసార్లు మాట ఆపాల్సి వచ్చింది. "మొదట్లో కొన్నాళ్లు ఒక పక్కే వచ్చేవి బాబూ. గాలి మారితే మా మీద నుంచే" అన్నాడొక పెద్దాయన. ఆయన చెప్పింది నిజం. విమానం గాలికి ఎదురుగానే దిగుతుంది, ఎదురుగానే లేస్తుంది. ఏ కొస వాడాలో టవర్‌లో కూర్చున్న కంట్రోలర్లు గాలిని బట్టి చెబుతారు. ఊరివాళ్లు ఫిర్యాదు పట్టుకుని వెళితే, ఎయిర్‌పోర్టు నడిపేవాళ్లు "దారి మాది కాదు, టవర్‌ది" అన్నారట. టవర్‌వాళ్లను కలుద్దామంటే గేటు దగ్గరే ఆపేశారట. మన దేశంలో ప్రైవేటు కంపెనీలు నడిపే పెద్ద ఎయిర్‌పోర్టుల్లోనూ ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ ప్రభుత్వ రంగ సంస్థ చేతిలోనే ఉంటుంది. ఫిర్యాదు ఈ రెండింటి మధ్య బంతిలా తిరుగుతుంటుంది.

కంట్రోలర్ల మీద మాకు కోపం లేదు. వందల ప్రాణాలు చేతిలో పెట్టుకుని చేసే ఉద్యోగం అది. భద్రతకు గాలిదే మొదటి మాట. కానీ గాలి నిమ్మళంగా ఉన్న రాత్రిళ్లు ఊరు లేని వైపు నుంచి దించడం, ఇంజిన్ తగ్గించుకుంటూ మెట్లు లేకుండా దిగే పద్ధతి వాడటం ప్రపంచంలో చాలా చోట్ల చేస్తున్నారు. మనకు చేతకానిదేమీ కాదు. అడిగేవాళ్లకు కుర్చీ లేకపోవడమే అసలు లోపం.

ఆపద వచ్చినప్పుడు ఎవరికి కబురు అందుతుందో చూడండి. 2025 డిసెంబరులో ఇండిగో విమానాలు వేల సంఖ్యలో రద్దయ్యాయి. కొద్ది రోజుల్లోనే కేంద్రం టికెట్ ధరలకు పరిమితి పెట్టింది. డబ్బు వాపసు ఇవ్వడానికి గడువు పెట్టింది. ప్రయాణికులకు న్యాయం జరగాల్సిందే, మాకు అసూయ లేదు. విమానయాన శాఖ మంత్రి మన శ్రీకాకుళం ఎంపీయే. ఆ చురుకుదనం విమానం ఎక్కేవాళ్లకే ఉండి, విమానం కింద ఉండేవాళ్లకు లేకపోవడమే మా అభ్యంతరం.

2020 ఆగస్టు 7 రాత్రి కోజికోడ్‌లో విమానం రన్‌వే దాటి లోయలో పడి విరిగింది. 21 మంది చనిపోయారు. జోరు వాన, పైగా కోవిడ్ భయం. అయినా ముందు పరుగెత్తింది చుట్టుపక్కల జనమే. సొంత కార్లలో క్షతగాత్రులను ఆసుపత్రులకు చేర్చి, తర్వాత క్వారంటైన్‌కు వెళ్లారు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిరిండియా విమానం మెడికల్ కాలేజీ హాస్టల్ మీద పడితే విమానంలోని 241 మందితో పాటు నేల మీద ఉన్న 19 మంది కూడా పోయారు. ప్రమాదం కంచె దగ్గర ఆగదు. ఎయిర్‌పోర్టులు రెండేళ్లకోసారి పూర్తిస్థాయి మాక్ డ్రిల్ చేయాలన్నది నిబంధన. అందులో పక్క ఊరి సర్పంచికి చోటుందా? తెలుగులో రాసిన కాగితం పంచాయతీ గోడ మీద ఉందా?

జనాన్ని లెక్కచేయకపోతే ఏమవుతుందో జపాన్ చూసింది. 1966 జులైలో అక్కడి మంత్రివర్గం సాన్రిజుకా రైతుల్ని ఒక్క మాట అడగకుండా నరిటా ఎయిర్‌పోర్టు అక్కడే అని తేల్చేసింది. 1971లో బలవంతంగా భూములు లాక్కున్నారు. రెండు వైపులా ప్రాణాలు పోయాయి. 1978 మార్చి 26న, తెరవడానికి నాలుగు రోజుల ముందు, ఆందోళనకారులు కంట్రోల్ టవర్‌లోకి చొరబడి పరికరాలు పగలగొట్టారు. ప్రారంభం మే 20కి వాయిదా పడింది. చివరికి 1990లలో అందరినీ కూర్చోబెట్టి మాట్లాడి, ప్రభుత్వం తప్పు ఒప్పుకోవాల్సి వచ్చింది. రెండో రన్‌వే 2002లో తెరిచారు, అదీ అనుకున్న 2,500 మీటర్లు కాదు, 2,180 మీటర్లే. అక్కడ మొదటి నుంచీ రాత్రి 11 నుంచి ఉదయం 6 దాకా విమానాలు ఆపేవారు. 2019లో ఒక రన్‌వేకు మాత్రం అర్ధరాత్రి దాకా సడలించారు. ఆ దెబ్బలాటలు ఇక్కడ జరగాలని మేం కోరడం లేదు. పాతికేళ్ల తర్వాత కూర్చున్న బల్ల దగ్గరే మొదటి రోజు కూర్చోండి అంటున్నాం.

"అయితే మీరు అభివృద్ధికి అడ్డమా?" అని అడుగుతారు. ఎయిర్‌పోర్టు వస్తే జీడిపప్పు విదేశాలకు ఎగురుతుందంటారు. మన జీడిపప్పు లారీలో పోతోంది, రొయ్య ఓడలో పోతోంది. జీడి రైతు ఏళ్లుగా అడుగుతున్నది రన్‌వే కాదు, పిక్కల బస్తాకు గిట్టుబాటు ధర. ఎయిర్‌పోర్టు అవసరమని నిరూపించండి, వింటాం. ఖర్చు మొత్తం చూపించి నిరూపించండి. 2013 భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ అంచనా వేయాలంది, దాన్ని స్థానిక భాషలో ప్రచురించాలంది. కొన్ని రకాల ప్రాజెక్టులకు ఆ అంచనా అక్కర్లేదనే వీలు రెండు తెలుగు రాష్ట్రాలూ సవరణలతో కల్పించుకున్నాయి. లెక్క చూపించాల్సిన పుస్తకాన్నే మూసేసి, లెక్క సరిపోయిందంటే ఎలా నమ్మాలి?

మా డిమాండ్లు ఇవి:

1. భూసేకరణ నోటీసుకు ముందే రన్‌వే దిశ, విమానాల దారి, ఎత్తు పరిమితుల మ్యాపు ఊళ్ల పేర్లతో తెలుగులో గ్రామసభ ముందు పెట్టాలి.

2. కొట్టాల్సిన చెట్లను ముందే లెక్కించి, దిగుబడి ఉన్నన్నేళ్ల ఆదాయం కట్టి పరిహారం ఇవ్వాలి. కౌలు రైతును, తోట కూలీని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

3. కొత్త ఎయిర్‌పోర్టులకు ఇచ్చిన శబ్ద మినహాయింపు రద్దు చేయాలి. సగటుతో పాటు ఒక్కో విమానం చప్పుడూ కొలిచి, పంచాయతీ దగ్గర బోర్డు మీద చూపాలి.

4. రాత్రి 11 నుంచి ఉదయం 6 వరకు, అత్యవసరం తప్ప, విమానాలు తిరగవని అనుమతి పత్రంలోనే రాయాలి. సిడ్నీలో 1995లో చట్టమే చేశారు.

5. సాగు డ్రోన్లకు 24 గంటల్లో అనుమతి లేదా రాతపూర్వక కారణం ఇవ్వాలి.

6. ఎయిర్‌పోర్టు, కంట్రోల్ టవర్, పంచాయతీలు, రైతు సంఘాలు కలిసి నెలనెలా కూర్చునే కమిటీ వేయాలి. ఆపద కబురు మొదటి పది నిమిషాల్లో సర్పంచికి చేరాలి, మాక్ డ్రిల్‌లో ఊరు ఉండాలి.

సోదరులారా, సర్వే బృందం వచ్చినప్పుడు పాసుపుస్తకంతో పాటు ఈ ఆరు డిమాండ్లూ పట్టుకు వెళ్లండి. ఎకరం ఇచ్చేవాడే కాదు, ఇవ్వకుండా పక్కన మిగిలేవాడూ సభకు రావాలి. భూమి పోయినవాడికి చెక్కు ఇచ్చి చేతులు దులుపుకుంటారు. మిగిలినవాడు ప్రతి రాత్రీ ఆ చప్పుడు కింద పడుకోవాలి. తీర్మానం రాయించండి, నకలు తీసుకోండి, ఒక కాపీ సంఘానికి పంపండి. ఈ పోరాటంలో కంచె లోపలి రైతు, కంచె బయటి రైతు అని ఇద్దరు లేరు.