యాంటీవైరస్ సరే.. అప్‌డేట్ వస్తోందా?

మాదాపూర్ కంపెనీలకు అప్లై చేస్తే మొదటి రౌండ్ చాలావరకు మన ల్యాప్‌టాప్‌లోనే. అందుకే ‘ఏ యాంటీవైరస్ కొనాలి?’ అని అడిగేవాళ్లు ఎక్కువ. ముందు చూసుకోవాల్సింది వేరే ఉంది.

2017 మే 12న మొదలైన వాన్నాక్రై దాడిలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లూ చిక్కుకున్నాయి. ఫైళ్లకు తాళం వేసి, తెరవాలంటే బిట్‌కాయిన్లు కట్టమంది ఆ రాన్సమ్‌వేర్. చిత్రమేంటంటే, ఆ లోపాన్ని సరిచేసే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది. దాదాపు రెండు నెలల టైమ్! చాలామంది వేసుకోలేదు, అంతే.

విండోస్ 10 వాడేవాళ్లది ఇప్పుడు అలాంటి పరిస్థితే. 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆగిపోయింది. ఇళ్లలో వాడేవాళ్లకు 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్ల పొడిగింపు ఇచ్చారు గానీ, దానికి విడిగా ఎన్‌రోల్ కావాలి. ల్యాప్‌టాప్ సరిపోతే 11కి మారడమే మేలు.

విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఫ్రెషర్లకు చాలనే నా అభిప్రాయం. క్విక్ హీల్, కె7 లాంటివి కొంటే రెన్యువల్ మరిచిపోవద్దు. అసలు చిక్కు క్రాక్ సాఫ్ట్‌వేర్‌తో. ‘ముందు యాంటీవైరస్ ఆఫ్ చేయండి’ అంటోందంటే, వాచ్‌మన్‌ని పంపేసి తలుపు తీయమన్నట్టే. ‘ఆఫర్ లెటర్’ జిప్‌లో పీడీఎఫ్‌కి బదులు ఈఎక్స్‌ఈ ఫైల్ కనిపిస్తే తెరవకుండా డిలీట్ చేయండి.

వైరస్ పట్టిందని అనుమానమా? సెర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైట్‌లో ఉచిత టూల్స్ ఉన్నాయి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. రెజ్యూమె, మార్కుల మెమోలు, ప్రాజెక్టు కోడ్ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, దాన్ని సిస్టమ్ నుంచి తీసి పెట్టుకోండి. గుచ్చి ఉంచితే రాన్సమ్‌వేర్ దానికీ తాళం వేస్తుంది.