యూరియా క్యూకు టోకెన్ బోర్డు: ఏం మారుతుంది, ఏం మారదు

2025 వానాకాలంలో సహకార సంఘాల ముందు పడిన పాట్లు రైతులెవరూ మరచిపోలేదు. తెల్లవారకముందే వచ్చి చెప్పులు, పాసు పుస్తకాల జిరాక్సులు వరుసలో పెట్టి కూర్చోవడం, మధ్యాహ్నానికి "స్టాకు అయిపోయింది" అన్న మాట విని ఉత్త చేతులతో తిరిగి వెళ్లడం చాలాచోట్ల జరిగింది. దిగుమతులు తగ్గాయి, మొక్కజొన్న, వరి సాగు పెరిగింది, కొరత వచ్చింది. ఆ కొరతను తీర్చడం సంఘం చేతిలోనూ లేదు, మండల వ్యవసాయ అధికారి చేతిలోనూ లేదు. కాని వచ్చిన లారీని ఎలా పంచాలన్నది మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉంది.

బ్యాంకుల్లో, పాస్‌పోర్ట్ సేవా కేంద్రాల్లో కనిపించే టోకెన్ నంబరు బోర్డును ఎరువుల కౌంటరు దగ్గర పెడితే ఉపయోగం ఉంటుందా? ఉంటుంది. అయితే టీవీ కొనడానికి ముందు ఒక లెక్క వేసుకోవాలి.

ముందు లెక్క, తర్వాత బోర్డు

ఒక లారీలో 20 టన్నుల యూరియా వచ్చిందనుకుందాం. 45 కిలోల బస్తాలైతే 444 వస్తాయి. రైతుకు రెండు చొప్పున ఇస్తే 222 మందికి సరిపోతుంది. పీఓఎస్ యంత్రంలో ఆధార్ నంబరు కొట్టి, వేలిముద్ర తీసుకుని, డబ్బు లెక్కపెట్టి, బిల్లు చేతికివ్వడానికి ఒక్కొక్కరికి 3 నిమిషాలు పడితే మొత్తం 666 నిమిషాలు, అంటే 11 గంటల పైమాటే. వరుసలో 400 మంది నిలబడితే అందులో 178 మంది రోజంతా ఊరికే నిలబడినట్టే.

ఈ లెక్కలో రెండు సంగతులు తేలుతున్నాయి. ఒకటి, టోకెన్లు స్టాకును మించి ఇవ్వకూడదు. 222 మందికే ఎరువు ఉంటే 222 టోకెన్లే ఇవ్వాలి. 223వ రైతుకు ఆ మాట ఉదయం 8 గంటలకే చెప్పి, తర్వాతి లోడుకు టోకెన్ రాసివ్వాలి. "లేదు" అన్న మాట సాయంత్రం కాకుండా పొద్దున్నే వినిపిస్తే ఆ రైతుకు ఒక రోజు కూలి, ఒక పూట పొలం పని మిగులుతాయి. బోర్డు వల్ల కలిగే అసలు మేలు ఇదే.

రెండు, నంబరు కనిపించినంత మాత్రాన పని వేగం పెరగదు. రెండో పీఓఎస్ యంత్రం, రెండో మనిషి ఉంటే 11 గంటల పని ఐదున్నర గంటలకు వస్తుంది. అది కుదరకపోతే ఒక సహాయకుడిని వరుస దగ్గర ఉంచి కాగితాలు, ఆధార్ నంబర్లు, చిల్లర ముందే సరిచూడాలి. మనిషికి ఒక నిమిషం తగ్గినా 222 మందికి 3 గంటల 42 నిమిషాలు కలిసివస్తాయి. డబ్బు తక్కువగా ఉంటే ముందు మనిషి మీద, ఆ తర్వాత బోర్డు మీద ఖర్చు పెట్టాలి.

బోర్డు ఎలా అమర్చుకోవాలి

రెండు రకాలున్నాయి. మూడంకెల నంబరు మాత్రమే చూపే ఎల్ఈడీ బోర్డు మొదటిది. రిమోట్ నొక్కితే నంబరు మారుతుంది, వెలుతురులోనూ బాగా కనిపిస్తుంది. రెండోది మామూలు టీవీ. సంఘం కంప్యూటరుకు కేబులుతో కలిపితే చాలు. నంబరుతో పాటు స్టాకు, ధర, తర్వాతి లోడు వివరాలు కూడా దీనిపై చూపవచ్చు. టీవీ ఎండలో కనిపించదు కాబట్టి వరండాలో, నీడ పడే గోడకే బిగించాలి.

అమర్చేటప్పుడు ఇవి గమనించాలి:

- నంబరు ఎత్తు 10 అడుగుల దూరానికి ఒక అంగుళం చొప్పున ఉండాలి. 40 అడుగుల దూరంలో చెట్టు కింద కూర్చున్న వారికి కనిపించాలంటే 4 అంగుళాల అంకెలు కావాలి.
- బోర్డు కింది అంచు 7 అడుగులకు పైన ఉండాలి. లేకపోతే ముందు నిలబడిన వారి తలలు అడ్డం వస్తాయి.
- చదువు రానివారు, చూపు తగ్గినవారు ఉంటారు. నంబరు మారినప్పుడల్లా తెలుగులో రెండుసార్లు మైకులో పిలవాలి.
- 32 అంగుళాల ఎల్ఈడీ టీవీ సుమారు 50 వాట్లు తీసుకుంటుంది. 6 గంటలకు 300 వాట్ అవర్లే కాబట్టి ఆఫీసు ఇన్వర్టరు మీద నడిచిపోతుంది.
- నెట్ లేకపోయినా నంబరు మారేలా ఉండాలి. పీఓఎస్‌కు సిగ్నల్ పోతే "సర్వర్ ఆగింది, మీ నంబరు పోదు" అని తెరపై చూపాలి. గొడవలు మొదలయ్యేది ఏమీ చెప్పకుండా ఆపినప్పుడే.
- బస్తాలు ఎత్తేది గోదాము దగ్గర కాబట్టి అక్కడి హమాలీలకూ నంబరు వినిపించాలి.

తెరపై నంబరు ఒక్కటే చాలదు

ఎరువుల నియంత్రణ ఉత్తర్వు, 1985 ప్రకారం చిల్లరగా ఎరువులు అమ్మే ప్రతి డీలరూ ఆ రోజు ప్రారంభ నిల్వను, ధరల పట్టికను అందరికీ కనిపించేలా ప్రదర్శించాలి. కొన్నవారికి బిల్లు ఇవ్వాలి. ఇది దయతో చేసే పని కాదు, చట్టం చెప్పిన బాధ్యత. టీవీ పెట్టినప్పుడు వచ్చిన బస్తాలు, ఇచ్చినవి, మిగిలినవి, 45 కిలోల యూరియా బస్తా గరిష్ఠ ధర 266 రూపాయల 50 పైసలు అన్న వివరాలు కూడా నంబరు పక్కనే ఉంచాలి.

ఎందుకంటే క్యూలో అనుమానం పుట్టేది నంబరు మీద కాదు, పక్క తలుపు మీద. వంద మంది ఎదురు చూస్తుండగా పలుకుబడి ఉన్నవారి ట్రాలీ వెనుక నుంచి వెళ్లిపోతే ఎంత మంచి బోర్డు పెట్టినా నమ్మకం ఉండదు. 61వ నంబరు పూర్తయ్యేసరికి ఇచ్చిన బస్తాలు 122కు మించకూడదు. తెరపై అంతకంటే ఎక్కువ కనిపిస్తే ఎవరైనా లేచి అడగవచ్చు. మిగులు నిల్వ చూపని బోర్డు అలంకారమే.

టోకెన్ ఎవరికి, ఎలా

టోకెన్ మీద రైతు పేరు, ఆధార్ చివరి నాలుగు అంకెలు, తేదీ, సుమారు సమయం రాయాలి. పేరు లేని టోకెన్ చేతులు మారుతుంది, చివరకు అమ్ముడుపోతుంది. గంటకు 20 మంది లెక్కన 60వ నంబరుకు దాదాపు 3 గంటలు పడుతుందని ముందే తెలిస్తే ఆ రైతు ఇంటికి వెళ్లి రావచ్చు. పిలిచినప్పుడు లేనివారి నంబరు రద్దు చేయకుండా మరో పది నంబర్ల తర్వాత మళ్లీ పిలవాలి. పనితో వేళ్లు అరిగి వేలిముద్ర పడనివారిని పక్క బల్ల దగ్గర కూర్చోబెట్టి విడిగా చూడాలి. వారి కోసం వరుసంతా ఆగకూడదు. వృద్ధులకు, దివ్యాంగులకు ప్రతి ఐదో పిలుపు కేటాయిస్తే మిగతావారికీ పెద్దగా ఆలస్యం కాదు.

కౌలు రైతుల సంగతి ప్రత్యేకంగా ఆలోచించాలి. టోకెన్‌కు పట్టాదారు పాసు పుస్తకమే కావాలంటే దుక్కి దున్నినవాడు వరుస బయటే ఉండిపోతాడు. ఆంధ్రప్రదేశ్‌లో పంట సాగుదారు హక్కు కార్డును అంగీకరించాలి. కార్డు లేనిచోట పంట నమోదులో ఉన్న సాగుదారు పేరునో, గ్రామ వ్యవసాయ సిబ్బంది ధ్రువీకరణనో లెక్కలోకి తీసుకునేలా సంఘం తీర్మానం చేసుకుని అధికారుల ఆమోదం పొందాలి. ఈ పని సీజనుకు ముందే చేయాలి. క్యూ మొదలయ్యాక ఎవరికీ వినే ఓపిక ఉండదు.

రైతులు చేయాల్సింది

మళ్లీ దొరుకుతుందో లేదో అన్న భయమే క్యూను పొడవు చేస్తుంది. వరికి యూరియా ఒకేసారి వేసేది కాదు. నాటే సమయంలో, పిలకలు వేసే దశలో, చిరుపొట్ట దశలో విడతలుగా వేయాలి. రెండో విడతకు వారం తర్వాత టోకెన్ ఖాయంగా ఉందంటే మొత్తం బస్తాలు ఈ రోజే కావాలన్న ఆత్రం తగ్గుతుంది. మీ పంట ఏ దశలో ఉందో చూసుకుని ఆ విడతకు కావలసినంతే తీసుకోండి. బిల్లు లేకుండా బస్తా ఎత్తకండి. బిల్లులోని బస్తాల సంఖ్య మీరు తీసుకున్నదానితో సరిపోయిందో లేదో అక్కడే చూసుకోండి.

రాబోయే సీజనుకు ముందు జరిగే సంఘం సర్వసభ్య సమావేశంలో మూడు ప్రశ్నలు అడగండి: టోకెన్లు స్టాకుకు లోబడి ఇస్తారా? మిగులు నిల్వ బోర్డుపై చూపుతారా? కౌలు రైతుకు టోకెన్ ఎలా ఇస్తారు? ఈ మూడింటికీ తీర్మానం రాయించుకున్నాకే టీవీ ధర గురించి మాట్లాడండి. తీర్మానం ఉంటే పలక మీద సుద్దముక్కతో రాసిన నంబరు కూడా పనిచేస్తుంది.