హయా అంటే ఖామోషీ కాదు

మా చెవిటికల్లు పేరులోనే చెవుడుంది గానీ, మియాబీబీల మాటొస్తే ఊళ్లో గోడలకు కూడా చెవులే. నందిగామ, జగ్గయ్యపేట వైపు మన ఇళ్లల్లో నికా మాటలప్పుడు మెహర్, జహేజ్, దావత్ గురించి గంటలకొద్దీ బహస్ చేస్తారు. ఆ తర్వాతి జిందగీ గురించి ఒక్క లఫ్జ్ ఉండదు.

ఒకరికి పాదాల మీద, ఇంకొకరికి ఒక బట్ట మీదో వాసన మీదో ఖాస్ మోజు ఉంటుంది. బీబీకి తెలిస్తే పాగల్ అనుకుంటుందని అతను దాస్తాడు. అలాంటి షౌక్ ఆమెకే ఉంటే, షరీఫ్ ఖాందాన్ పిల్లకు ఇదేం బుద్ధని తనను తానే తిట్టుకుంటుంది.

మోజు ఉన్నంత మాత్రాన అది బీమారీ కాదు. తెలివిని కొలిచే పరీక్ష తయారుచేసిన ఆల్ఫ్రెడ్ బినే 1887లోనే దీనిమీద రాశాడు. చిన్నప్పుడు ఏదో వస్తువుతో ముడిపడ్డ అనుభూతి పెద్దయ్యాక కోరికగా బయటపడుతుందన్నాడు. కారణం అదొక్కటే అని ఇప్పటి డాక్టర్లు అనరు. అమెరికా మానసిక వైద్యులు 2013లో మోజు వేరు, బీమారీ వేరు అని గీత గీశారు. దానివల్ల మనిషి నలిగిపోతున్నా, ఇంకొకరికి నుక్సాన్ జరుగుతున్నా అప్పుడే ఇలాజ్ కావాలి. 2022లో అమల్లోకొచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో ఫెటిషిజం అనే పేరే లేదు.

అలాగని అన్నీ జాయజ్ అనడం నా మతలబ్ కాదు. దీన్ మనా చేసినవి మనావే. రజామందీ లేకపోతే అది షౌక్ కాదు, జుల్మ్. ఫోన్‌లో చూసినదాన్ని బీబీ మీద రుద్ది, 'నా హక్' అనే భాయ్‌లు 2005 గృహహింస చట్టం గురించి తెలుసుకోవాలి. లైంగికంగా అవమానించడం కూడా అందులో హింసే.

హయా అడ్డమంటారా? దీన్ సంగతులు అడగడానికి మదీనా అన్సార్ ఆడవాళ్లకు హయా అడ్డురాలేదని హజ్రత్ ఆయిషా వాళ్లను మెచ్చుకున్నారు. విజయవాడ డాక్టర్ సమరం ఇలాంటి సవాళ్లకు తెలుగు పత్రికల్లో ఏళ్లతరబడి జవాబులు రాశారు. అయినా మనవాళ్లు తావీజు కోసమో, గోడమీద ప్రకటన చూసి 'గుప్త రోగాల' హకీం దగ్గరికో పరిగెడతారు.

బిడ్డ మైకే వచ్చి 'ఉండలేను అమ్మీ' అంటే వెంటనే సబర్ చెయ్యమనకండి. జబర్దస్తీ జరిగిందా అని మెల్లగా అడగండి. జరిగితే బిడ్డ పక్కన నిలబడండి. జరగకపోతే ఇద్దరినీ మంచి మానసిక డాక్టర్ దగ్గరికి పంపండి. వాళ్ల రాజ్ వాళ్ల మధ్యే ఉండనివ్వండి. చెప్పుకోలేని ఒక్క మాట కోసం ఖులా దాకా వెళ్లడం కంటే, ఆ మాట చెప్పుకోవడమే ఇజ్జత్.