కుందేటికీ కొమ్ములున్నాయి!

కుందేటికి కొమ్ములుంటాయా? ఉండవు. కానీ 'కుందేటి కొమ్ములు' ఉన్నాయి! మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల రాతిగుట్టల మీద ముళ్లపొదల మొదళ్లలో కాస్త వంగి వెతికితే కనిపిస్తాయి. ఆకుల్లేని పచ్చటి కాడలు అడుగు, రెండడుగుల ఎత్తున పైకి పోయేకొద్దీ సన్నబడుతూ ఉంటాయి. వానలు పడ్డాక ఆ కొసల్లో ఊదారంగు బుల్లిపూలు తలొంచుకుని వేలాడతాయి. ఆనక జంటగా సన్నటి కాయలు నిక్కుకుని నిలబడతాయి. వాటిని చూస్తే కొమ్ములే గుర్తొస్తాయి మరి.

దీనికే కారల్లం అని మరో పేరు. సామర్లకోటలో తోట పెంచిన స్కాట్లండ్ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల మీద వేసిన పుస్తకంలో 1795లో దీని బొమ్మతోపాటు ఆ తెలుగు పేరునీ అచ్చువేశాడు. 1810లో రాబర్ట్ బ్రౌన్ ఆ పేరుతోనే ఏకంగా ఒక ప్రజాతిని ఏర్పాటుచేశాడు. అలా మన మాట 'కారల్లుమా'గా ప్రపంచంలోని వృక్షశాస్త్ర గ్రంథాలన్నిటికీ ఎక్కింది. ఇక్కడ మాత్రం మనవాళ్లలో చాలామందికి తెలీదు.

గొర్రెలకాపరులకు మాత్రం బాగా తెలుసు. ఆకలేస్తే కాడ తుంచి నమిలేస్తారు. కూర, పచ్చడి చేసుకునేవారూ ఉన్నారు. ఆకలిని చంపుతుందన్న పేరే దీని కొంపముంచింది. ఒళ్లు తగ్గించే మాత్రల తయారీకి గిరాకీ పెరిగి, అడవిలోంచి పీక్కుపోవడం ఎక్కువైంది. మరి తగ్గిస్తుందా? బెంగళూరులో 50 మందికి 60 రోజులు దీని సారం ఇచ్చి పరిశీలించారు. 2007లో వెలువడిన ఫలితాల ప్రకారం నడుము కొలత, ఆకలి కొంత తగ్గాయి. బరువులో మాత్రం, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారితో పోలిస్తే, చెప్పుకోదగ్గ తేడా లేదు. దానికోసం గుట్టలు ఖాళీ చేయడం అన్యాయమే. షుగరుకీ మంచిదంటారు కానీ డాక్టరుని అడక్కుండా నోట పెట్టుకోవద్దు.

పోల్చుకోవడం దగ్గర ఒక్క జాగ్రత్త. నల్లేరుకీ నాలుగు పలకలే ఉంటాయి. కానీ అది కణుపులు కణుపులుగా, నులితీగలతో పాకుతుంది. అసలు భయం జెముడుతోనే. కొస తుంచితే తెల్లటి పాలు కారాయా... అది జెముడు. కంట్లో పడితే ప్రమాదం. కారల్లం జిల్లేడు కుటుంబానిదే అయినా తుంచితే వచ్చేది నీరులాంటి రసమే.

పెంచాలనుకుంటే అడవిలోంచి వేళ్లతో పెకలించొద్దు. కౌండిన్య అభయారణ్యంలో అయితే మొక్క తీయడం చట్టరీత్యా నేరం కూడా. నర్సరీలోనో, తెలిసినవాళ్ల పెరట్లోనో ఒక్క కాడ దొరికితే చాలు. జానెడు ముక్క కోసి నీడలో వారం పదిరోజులు ఆరనివ్వండి. కోసినచోట పక్కు కట్టాలి. తొందరపడి పచ్చిగా నాటారో, కుళ్లిపోతుంది. ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే. రెండుపాళ్ల ముతక ఇసుక, ఒకపాలు ఎర్రమట్టి, గుప్పెడు గులకరాళ్లు కలిపి అడుగున చిల్లున్న కుండీలో నింపి, వేలెడు లోతున నిలబెట్టండి. వారందాకా నీళ్లొద్దు. తర్వాత మట్టి పూర్తిగా ఆరాకే పోయాలి. ఇది రాత్రిపూట మాత్రమే రంధ్రాలు తెరిచి గాలి పీల్చుకునే జాతి, తడి తక్కువైనా తట్టుకుంటుంది. అడవిలో పొదచాటున బతికింది కాబట్టి మిట్టమధ్యాహ్నం ఎండ నేరుగా తగలకుండా చూడండి. చలికాలంలో నీళ్లు బాగా తగ్గించాలి. తెల్లటి పిండినల్లి కనిపిస్తే దూదితో తుడిచేస్తే సరి.

విత్తనాలతోనూ పెంచొచ్చు. పూలకి వాలే ఈగలే పుప్పొడి మోస్తాయి. కాయ పండి పగిలితే జిల్లేడు దూదిలా విత్తనాలు ఎగిరిపోతాయి. అందుకే పగిలేముందే కాయకు పల్చటి గుడ్డ కట్టి ఉంచండి. తాజా విత్తనం తడి ఇసుక మీద చల్లితే కొద్దిరోజుల్లోనే మొలుస్తుంది.