గుడారం ఎక్కడ వేద్దాం?

సెలవులు దగ్గర పడుతున్నాయంటే ప్రతి ఇంట్లోనూ ముందు నలిగే మాట "ఎక్కడికి పోదాం?" అన్నదే. ఒకప్పుడు ఆ ప్రశ్నకి మన దగ్గర జవాబులు నాలుగే. తిరుపతి, పుట్టిల్లు, ఎవరిదో పెళ్లి, ఇవేవీ కుదరకపోతే సినిమా. ఇప్పుడు వాటికి ఐదోది వచ్చి చేరింది. నీళ్ల ఒడ్డున గుడారం వేసుకుని, పిల్లాజెల్లాతో ఒక రాత్రి ఆరుబయట గడిపి రావడం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు ఇళ్లలో ఈ ముచ్చట బాగానే వినిపిస్తోంది. ఎవరో స్నేహితులు గండికోటలో సూర్యోదయం ఫొటో పంపిస్తారు. "మనం కూడా పోదాం నాన్నా" అని పిల్లలు పట్టుబడతారు. ఆదివారం ప్రయాణం ఖాయమైపోతుంది.

మంచిదే. ఏడాది పొడుగునా నాలుగు గోడల మధ్య తిరిగే ఇల్లాలికి ఆకాశం కింద ఒక రాత్రి దొరకడం కంటే కావలసిందేముంది? కానీ ఈ ప్రయాణాల్లో ఒక తిరకాసు ఉంది. చోటు ఎంచేది ఒకరు, సామాను సర్దేది మరొకరు. ఎక్కడికి, ఎప్పుడు, ఎవరెవరితో అన్న మూడూ మగవాళ్ల మధ్య ఫోన్లలోనే తేలిపోతాయి. ఆ తర్వాత "నువ్వు చిత్రాన్నం కలుపు, చెనక్కాయల పొడి మర్చిపోవద్దు" అని మనకి కబురొస్తుంది. "అక్కడ బాత్రూముందా? రాత్రి లైటుంటుందా? నీళ్లు ఎంత లోతు?" అని అడిగామా, "ఎప్పుడూ నీకదే గోల" అని నవ్వేస్తారు.

ఆ గోలే అసలైన ఆలోచన. ఫొటో చూసి ఎంచుకున్నవాడికి కనిపించేది దృశ్యం. అర్ధరాత్రి పాపని బయటికి తీసుకెళ్లాల్సిన తల్లికి కనిపించేది దారి. రెండూ కావాలి. కానీ చోటు బాగుందా లేదా అని తేల్చవలసి వచ్చినప్పుడు రెండో చూపుకే ఎక్కువ విలువ ఇవ్వాలి.

నిజానికి ఆరుబయట బస మన ఆడవాళ్లకి కొత్త కాదు. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద వనభోజనాలు పెట్టింది మన అవ్వలూ జేజిలే. బండ్లు కట్టుకుని తిరునాళ్లకు పోయి, మూడు రాళ్ల పొయ్యి మీద సంగటి కెలికి, బండి నీడన పిల్లల్ని పడుకోబెట్టుకున్నారు వాళ్లు. చెట్టు నీడ ఉందా, తాగే నీళ్ల బావి ఎంత దూరం, నేల చదునుగా ఉందా, పక్కన మనుషులున్నారా అని చూసి గానీ దిగేవాళ్లు కాదు. ఎక్కడో ఎగువన వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే వంకలో నీళ్లు వచ్చేస్తాయని సీమలో పుట్టిన వాళ్లకి ఎవరూ చెప్పనక్కర్లేదు. మనం మరిచిపోతున్నది ఆ తెలివినే.

ఇక మన చుట్టూ ఉన్న చోట్లు చూద్దాం.

అందరి నోటా వినిపించేది గండికోట. జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు. ఎర్రమల కొండల్ని చీల్చుకుని పెన్న పారే లోయ, ఆ అంచున కోట, లోపల మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి, జామా మసీదు, ధాన్యాగారం. 1652లో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ కూడా వచ్చి చూసిపోయిన కోట ఇది. పర్యాటక శాఖ కట్టిన హోటలుంది, గుడారాలు అద్దెకిచ్చే వాళ్లూ ఉన్నారు. అంతా బాగానే ఉంది కానీ, ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. ఇది నీటి ఒడ్డు కాదు, కొండ అంచు. నీళ్లు ఎక్కడో కింద ఉంటాయి. లోయ పక్కన బండల మీద చాలాచోట్ల అడ్డుకట్ట ఉండదు. నడక నేర్చిన పసివాళ్లు, ఫొటోల పిచ్చి ఉన్న కాలేజీ పిల్లలు ఇద్దరూ ప్రమాదంలోనే ఉంటారు. ఇక్కడ గుడారం వేస్తే అంచుకి బాగా ఎడంగా, హోటలుకో ఊరికో దగ్గరగా వేయాలి. లోయ అందం పగటి వెలుగులో చూసుకోవచ్చు, దాని పక్కనే నిద్రపోవాల్సిన పని లేదు.

లోయ దాటి దిగువకి వస్తే మైలవరం జలాశయం. కొండ అంచు భయం లేకుండా, విశాలంగా నీళ్లు కనిపిస్తాయి. పొద్దున పోయి, మధ్యాహ్నం నీడలో తిని, పొద్దు వాలేసరికి ఇల్లు చేరే ప్రయాణానికి హాయిగా ఉంటుంది. పులివెందుల వాళ్లకి లింగాల మండలం పార్నపల్లె దగ్గర చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు ఉంది. 2022 చివర్లో అక్కడ బోటింగు మొదలుపెట్టారు. పెద్దవాళ్లు వెంట ఉంటే వేంపల్లె దగ్గర గండి క్షేత్రం మేలు. పాపాఘ్ని కొండల నడుమ నుంచి వచ్చే చోట వీరాంజనేయస్వామి గుడి ఉంది. శ్రావణ శనివారాల్లో జనం విపరీతం కాబట్టి ఆ రోజులు తప్పిస్తే ప్రశాంతంగా ఉంటుంది.

ఏ చోటైనా సరే, మగవాళ్లో మనమో ఒకసారి పగలు వెళ్లి చూసి రాకుండా రాత్రి బసకి సిద్ధపడకూడదు. మనింట్లో పెళ్లికి సత్రం మాట్లాడేముందు ఎన్నిసార్లు చూసొస్తాం? పిల్లల్ని పడుకోబెట్టే చోటికి ఆ మాత్రం శ్రద్ధ చూపడానికి బద్ధకమెందుకు?

మన జలాశయాల స్వభావం కూడా తెలుసుకోవాలి. ఇవి పాతకాలపు ఊరి చెరువుల్లాంటివి కావు. గండికోట జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు. గాలేరు-నగరి పథకం కింద శ్రీశైలం నీళ్లు ఇక్కడికి వస్తాయి. ఇక్కడి నుంచి ఎత్తిపోతలతో పులివెందుల వైపూ వెళ్తాయి. గేట్లు ఎత్తినా, దించినా, మోటార్లు నడిచినా నీటి మట్టం మారుతుంది. నిన్న పొడిగా ఉన్న ఒడ్డు ఇవాళ నీళ్లలో ఉండొచ్చు. పైగా ఈ నీటి కింద ఊళ్లున్నాయి. 2020లో కొండాపురం మండలం తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు ఖాళీ అయ్యాయి. పుట్టి పెరిగిన ఇంటి గడప వదిలి, పొయ్యి రాళ్లతో సహా మూటగట్టుకుని వెళ్లిన ఆడవాళ్లున్నారు. మనం వేడుక చేసుకునే నీళ్ల వెనక వాళ్ల త్యాగముందని పిల్లలకి చెప్పాలి. ఒకప్పుడు పొలాలు, బావులు ఉన్న నేల కాబట్టి నాలుగడుగులు నీళ్లలో నడిస్తే ఐదో అడుగు ఎక్కడ పడుతుందో చెప్పలేమని కూడా చెప్పాలి.

నీళ్లు చెప్పి రావు. 2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లో హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది బియాస్ నదిలో కొట్టుకుపోయారు. వాళ్లేమీ ఈతకి దిగలేదు. నీళ్లు తక్కువగా ఉన్నాయని నదిలో బండల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. ఎగువన లార్జీ డ్యాము నుంచి నీళ్లు వదిలారు. నిమిషాల్లో అంతా అయిపోయింది. అంత దూరం ఎందుకు, 2021 నవంబరు 19 తెల్లవారుజామున రాజంపేట దగ్గర చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు దిగువ ఊళ్లు ఏమయ్యాయో మనం కళ్లారా చూశాం. అది కార్తీక పౌర్ణమి సమయం. ఆడవాళ్లు దీపాలు పెట్టుకునే రోజులు.

అందుకే గేట్లున్న చోట దిగువన ఏటి ఇసుకలో గుడారం వేయకూడదు. ఎండిన ఇసుక మెత్తగా, చల్లగా ఎంత పిలిచినా సరే. ఒడ్డు మీద బండలకి నీళ్ల చార ఎంత ఎత్తున ఉందో చూసి, దానికంటే బాగా పైనే దిగాలి. డ్యాము మీద పనిచేసే వాళ్లని "ఈ రెండు రోజుల్లో నీళ్లు వదులుతారా?" అని అడగడం నామోషీ కాదు. ఈశాన్య రుతుపవనాలు నడిచే అక్టోబరు, నవంబరుల్లో వాన సూచన వింటే ప్రయాణం వాయిదా వేసుకోవాలి. మే నెల ఎండల్లో మన జిల్లాలో గుడారం పగటిపూట పొయ్యిలా కాలిపోతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఆ నెలల్లో రాత్రి చలిగాలికి దుప్పట్లు మాత్రం మర్చిపోవద్దు.

ఇక మనం పైకి చెప్పుకోని సంగతి. ఇలాంటి ప్రయాణాల్లో చాలామంది ఆడవాళ్లు పొద్దున్నించి గుక్కెడు నీళ్లు తాగరు. తాగితే ఎక్కడికి వెళ్లాలి? చీకటి పడేదాకా బిగబట్టుకుని, ఇంటికొచ్చాక మంటతో, జ్వరంతో డాక్టరు దగ్గరికి పరిగెత్తుతారు. నెలసరి రోజులైతే చెప్పనే అక్కర్లేదు. పదమూడేళ్ల ఆడపిల్ల "నేను రాను" అని మొండికేస్తే, పొగరనుకుంటారు గానీ కారణం ఇది కావచ్చని ఎవరికీ తోచదు. నీళ్లు వచ్చే మరుగుదొడ్డి, లోపల గడియ, దారిలో వెలుతురు. ఈ మూడూ లేని చోటు ఎంత అందంగా ఉన్నా అది సగం కుటుంబానికి పనికిరాదు. ఆ సంగతి ప్రయాణానికి ముందే, నలుగురిలోనే అడగాలి. సిగ్గుపడాల్సింది అడిగేవాళ్లు కాదు.

ఇది ప్రభుత్వానికీ చెప్పాల్సిన మాటే. గండికోట అభివృద్ధికి 2024 నవంబరులో కేంద్రం రూ.77.91 కోట్లు మంజూరు చేసింది. సంతోషం. ఆ డబ్బుతో వచ్చే హంగుల్లో ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గది, శుభ్రమైన మరుగుదొడ్లు, వాటిని రోజూ కడిగే మనిషికి జీతం, లోయ అంచున కంచె, రాత్రి గస్తీ ముందు వరుసలో ఉండాలి. మరుగుదొడ్డి కట్టి తాళం వేసి ఉంచడం మనకి తెలియని విషయం కాదు. వెళ్లినవాళ్లం తాళం చూసి తిరిగి రాకుండా, అక్కడున్న అధికారికి కాగితం రాసిచ్చి రావాలి. పది మంది ఇల్లాళ్లు రాస్తే పదకొండో ఇల్లాలికి తాళం తెరిచి ఉంటుంది.

చోటు కుదిరాక పని సంగతి. ఊరు మారినా ఇల్లాలి పని మారకపోతే అది విహారం ఎలా అవుతుంది? ఇంట్లో గ్యాసు పొయ్యి, అక్కడ పొగ పొయ్యి, తేడా అంతేనా? జొన్నరొట్టెలు, చెనక్కాయల పొడి, చిత్రాన్నం లాంటివి ముందే కట్టుకుంటే సరిపోతుంది. పొద్దున ఉగ్గానికి బొరుగులు తడపడం, ఉల్లిపాయలు తరగడం పిల్లలూ వాళ్ల నాయనా చేయొచ్చు. గుడారం కట్టడం ఆడపిల్లలకి కూడా నేర్పాలి. మంట వేస్తే ఎండుగడ్డికి దూరంగా వేసి, పడుకునేముందు నీళ్లు పోసి ఆర్పాలి. ప్లాస్టిక్ సంచులు, సీసాలు తెచ్చినవి తెచ్చినట్టే ఇంటికి తీసుకుపోవాలి.

చివరిగా జాగ్రత్తలు. నీళ్ల దగ్గర ఒక పెద్దమనిషి ఫోను పక్కన పెట్టి పిల్లల్నే చూస్తూ ఉండాలి. వంతులు వేసుకోండి. "అందరూ ఉన్నారులే" అనుకున్న చోటే ఎవరూ చూడరు. ఈత రానివాళ్లు మోకాలి లోతు దాటకూడదు. ఎవరైనా మునుగుతుంటే వెంటనే దూకడం తెలివి కాదు. పట్టుకోవడానికి ఏదైనా విసరాలి. 2020 ఆగస్టులో తమిళనాడు పెరంబలూరు జిల్లా కొట్టరై దగ్గర బట్టలు ఉతకడానికి వెళ్లిన ముగ్గురు ఆడవాళ్లు కట్టుకున్న చీరలే విప్పి విసిరి ఇద్దరు కుర్రాళ్లని ఒడ్డుకి లాగారు. ఆ రాష్ట్ర ప్రభుత్వం వాళ్లకి కల్పనా చావ్లా పురస్కారం ఇచ్చింది. మనం మాత్రం సామానులో ఒక గట్టి మోకు పెట్టుకుంటే చాలు. ఒడ్డుకి తెచ్చిన మనిషి ఊపిరి తీసుకోకపోతే కడుపు నొక్కి నీళ్లు కక్కించాలని చూడొద్దు. నోటిలో నోరు పెట్టి ఊపిరి ఊదుతూ, ఛాతీ నొక్కుతూ, 108కి ఫోను చేయాలి. పాము కాటేస్తే కోయడం, బిగించి కట్టడం మానేసి, ఆ కాలు కదలకుండా చూస్తూ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆపదేదైనా 112 గుర్తుంచుకోండి. అక్కడ ఫోనుకి సిగ్నలు వస్తుందో లేదో పగలు చూడటానికి వెళ్లినప్పుడే చూసుకోండి.

ఇన్ని చెబితే "ఇంక పోవడమెందుకు, ఇంట్లోనే ఉందాం" అనిపించొచ్చు. అలా అనుకోవద్దు. తప్పకుండా పోండి. పెన్న గాలి తగలకుండా, నక్షత్రాలు లెక్కపెట్టకుండా మన పిల్లలు పెరగకూడదు. ఈసారి ఇంట్లో "ఎక్కడికి పోదాం?" అన్న మాట రాగానే వంటింట్లోంచి బయటికొచ్చి మీరూ కూర్చోండి. మీ ప్రశ్నలన్నీ అడగండి. వాటికి జవాబు దొరికిన చోటుకే బయల్దేరండి.