మా నాయిన చేసిన పని సున్నానా?

"ఫిజిక్స్ మనోళ్లకు ఎక్కదు" అనే మాట మనోళ్లే అంటుంటే కడుపు మండి ఈ భాగం రాస్తున్న.

మా నాయిన ఎనుమాముల మార్కెట్ల హమాలి. నేను వరంగల్‌ల ఇంటర్ చదివే రోజుల్ల సారు బోర్డు మీద ఒక లెక్క వేసిండు. కూలి 40 కిలోల బస్తా నెత్తిన పెట్టుకొని చదును నేల మీద ఒకే వేగంతో 100 మీటర్లు నడిచిండు. బస్తా మీద అతను చేసిన పని ఎంత? జవాబు సున్నా. నేను లేచి, "మరి మా నాయినకు రాత్రి నడుమెందుకు నొస్తది సార్?" అని అడిగిన. "అయితే మీ నాయినకు కూలి కూడా సున్నానే ఇయ్యాలె" అన్నడు సారు. క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత రెండేండ్లు నేను ఒక్క ప్రశ్న అడగలె.

జవాబు కరెక్టే. నవ్వే తప్పు.

బొమ్మ గీసి చూడుండ్రి. భూమి బస్తాను కిందికి గుంజుతది. నెత్తి దాన్ని పైకి మోస్తది. నడక మాత్రం ముందుకు. మోసే బలానికి, నడిచే దిక్కుకు మధ్య 90 డిగ్రీలు. కాస్ 90 సున్నా, అందుకే పని సున్నా. మరి అలసట? అదే బస్తాను బల్ల మీద పెడితే బల్ల అలసిపోదు. మనిషి కండరం అట్ల కాదు. బరువును ఆపాలంటే లోపలి పోగులు బిగుసుకుంటూ సడలుతూనే ఉండాలె. తిన్న అన్నంల శక్తి ఖర్చయి వేడిగ పోతది. మా నాయిన చెమట అదే. ఈ నాలుగు ముక్కలు చెప్పనీకి సారుకు రెండు నిమిషాలు పట్టేది.

ఇంకో లెక్క. అదే బస్తాను లారీ మీదికి 1.5 మీటర్లు లేపితే 40 × 10 × 1.5 = 600 జౌళ్లు. రోజుకు 200 బస్తాలంటే 1,20,000 జౌళ్లు. 30 రోజులకు 36 లక్షలు. కరెంటు బిల్లుల అది ఒకే ఒక్క యూనిట్!

"చూసినవా, కూలోని కష్టం ఇంతే" అనెటోడు ఉంటడు. వానికి చెప్పుండ్రి: ఈ అర్థంల "పని" అనే మాటను ఫ్రాన్స్‌ల కొరియోలిస్ 1829ల యంత్రాల లెక్క కోసం వాడిండు. అది బస్తాకు చేరిన శక్తిని కొలుస్తది. లేపిన మనిషి ఒంట్ల ఖర్చయిన శక్తిని కొలువదు. జౌళ్లను బట్టే కూలి ఇయ్యాలంటే, ఏసీ గదిల సంతకాలు పెట్టెటోనికి నెలకు ఎంత రావాలె? ఎవల పనికి ఎంత విలువో తేల్చింది న్యూటన్ కాదు, కులం.

అంబేడ్కర్‌ను బడిల సంస్కృతం చదువనియ్యలె. పర్షియన్ తీసుకోవాల్సి వచ్చింది. తర్వాత ఆయన సంస్కృతం నేర్చుకొని వాళ్ల శాస్త్రాలనే నిలదీసిండు. ఇయ్యాల ఫిజిక్స్ చెప్పనని ఎవడూ అనడు. సూత్రం రాయిస్తడు, షార్ట్‌కట్ బట్టీ పట్టిస్తడు, ఎందుకని అడిగితే నవ్వుతడు. ఆఖరికి "మెరిట్ లేదు" అంటడు.

హాస్టళ్లల్ల ఉన్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! సూత్రం వెతుకక ముందు బొమ్మ గీయుండ్రి. వస్తువును విడిగ పెట్టి, దాని మీద పడే ఒక్కొక్క బలానికి బాణం గుర్తు పెట్టుండ్రి. కనబడని బలం ఒక్కటి వదిలేసినా జవాబు తప్పుతది. సమజు కాకుంటే లేచి అడుగుండ్రి. నవ్వితే నవ్వనియ్యిండ్రి. నవ్వు ఆగినంక అదే ప్రశ్న మళ్లీ అడుగుండ్రి.

జై భీమ్.