డ్రమ్ము నిండా బొగ్గులెందుకండీ?

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడే అనంతపురంలో అరకిలో కోడికి స్మోకర్ డ్రమ్ము నిండా తుమ్మ బొగ్గులు పోయడం సరదా కాదు, దుబారా. "చిన్నది ఇంకోటి కొందాం" అనడం ఇంకో దుబారా. నలుగురి వంటకు కాసిన్ని నిప్పులు చాలని మన అవ్వల కుంపటి ఎప్పుడో చెప్పింది.

పొడి ఇటుకలు అడ్డం పెట్టి, ఓ పక్కనే బొగ్గులు వేయండి. అవి రాజుకున్నాక మాంసం రెండో పక్క పెట్టి, మూత వేసి, గాలి కంతలు సగం మూయండి. వంటయ్యాక అన్నీ మూసేస్తే నిప్పు ఆరుతుంది, మిగిలిన బొగ్గులు మళ్లీ పనికొస్తాయి. ఇదంతా ఆరుబయటే సుమా! బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

డ్రమ్మును చూసి కాదు, తినేవాళ్లను చూసి బొగ్గులు వేయమని ఇంట్లో గట్టిగా చెప్పండి. ఖర్చు మనదే, బూడిద ఎత్తేదీ మనమే.